ఎన్‌క్లెక్స్ మళ్ళీ పోయింది: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ళలో నర్సింగ్ చదివిన పిల్లలు చాలామంది ఇప్పుడు ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్‌కి కూర్చుంటున్నారు. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే తప్పనిసరిగా పాసవ్వాల్సిన లైసెన్సు పరీక్ష ఇది. మొదటిసారి రాసేవారికి సలహా చెప్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. రెండుసార్లు, మూడుసార్లు పోయినవారి దగ్గర కూర్చుని మాట్లాడేవాళ్ళు మాత్రం కనబడరు. ఈ ప్రశ్నలు వాళ్ళవి. ఈ పరీక్షకు నర్సులను చదివిస్తూ, వాళ్ళ రిపోర్టులు చూస్తూ నాకు అర్థమైనంతవరకు జవాబులు రాస్తున్నాను.

మూడోసారీ ఫెయిలయ్యాను. నేను నర్సుగా పనికిరాననేనా దీని అర్థం?

కాదు. మీకు మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది, వార్డు నడిపిన అనుభవం ఉంది, రాత్రి రెండు గంటలకు రోగి ఊపిరి మారితే నిద్రమత్తులో కూడా గుర్తుపట్టే చెవి ఉంది. వాటిని ఏ కంప్యూటరూ కొలవలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరే నర్సు అమెరికా ఆసుపత్రిలో, అక్కడి పద్ధతిలో, రోగికి హాని జరగకుండా నిర్ణయం తీసుకోగలదా అన్న ఒక్క సంగతే ఎన్‌క్లెక్స్ చూస్తుంది.

అలాగని "అదంతా అదృష్టం, ఈసారి వచ్చేస్తుంది" అనే మాట కూడా నమ్మకండి. మొదటిసారి రాసేవారికంటే మళ్ళీ రాసేవారిలో పాసయ్యేవారి శాతం తక్కువగా ఉంటోంది. ఇందులో తెలివి సంగతేమీ లేదని నా నమ్మకం. ఫెయిలైన బాధలో, అవమానంలో, అదే పుస్తకం అదే పద్ధతిలో ఇంకోసారి తిరగేసి వెంటనే తేదీ తీసుకుంటున్నారు. ఏం మార్చాలో తేలకుండా మళ్ళీ డబ్బు కట్టవద్దు. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

85 ప్రశ్నల దగ్గరే ఆగిపోయింది. అంత ఘోరంగా రాశానా?

ఈ కంప్యూటర్ పరీక్షలో కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు వస్తాయి. 85 దగ్గర ఆగినవారిలో పాసైనవాళ్ళూ ఉంటారు, ఫెయిలైనవాళ్ళూ ఉంటారు. 150 దాకా వెళ్ళినవారి సంగతీ అంతే. మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతూ పోతుంది. మీరు పాస్ గీతకు పైన ఉన్నారో కింద ఉన్నారో 95 శాతం నమ్మకంతో తేలగానే పరీక్ష ఆగుతుంది. తేలకపోతే 150 దాకా సాగుతుంది. మొత్తం సమయం 5 గంటలు, అందులో 15 ప్రశ్నలకు మార్కులుండవు, అవేవో మీకు తెలియవు.

దీనివల్ల ఇంకో ఇబ్బంది ఉంది. బాగా రాసేవారికి కూడా సగం ప్రశ్నలు చేతకానట్టే అనిపిస్తుంది, ఎందుకంటే యంత్రం మీ స్థాయికి సరిపడే కష్టాన్నే వెతికి ఇస్తూ ఉంటుంది. "కష్టంగా ఉంది, పోయినట్టే" అని మధ్యలోనే చేతులెత్తేసినవాళ్ళను చూశాను. ఆ అనుభూతి మీ ఫలితం గురించి ఏమీ చెప్పదు. ఒకసారి ముందుకు వెళితే వెనక్కి వచ్చి జవాబు మార్చుకునే వీలు కూడా లేదు. కాబట్టి పోయిన ప్రశ్న పోయిందనుకుని ఎదురుగా ఉన్నదే చూడాలి.

ఫెయిలయ్యాక వచ్చిన రిపోర్టును ఎలా చదవాలి?

దాన్ని చించేయకండి. దాన్ని క్యాండిడేట్ పర్ఫార్మెన్స్ రిపోర్ట్ అంటారు, ఫెయిలైనవారికే వస్తుంది. ఒక్కో విభాగంలో మీరు పాస్ ప్రమాణానికి పైన ఉన్నారా, దగ్గరలో ఉన్నారా, కింద ఉన్నారా అని చెబుతుంది. కేర్ మేనేజ్‌మెంట్ (ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి వంటివి), భద్రతా ఇన్‌ఫెక్షన్ నియంత్రణా, మందులూ, మనసుకు సంబంధించిన విషయాలూ, ఇలా ఎనిమిది విభాగాలుంటాయి.

"దగ్గర" అని ఉన్నవాటి మీద ముందు పనిచేయండి, త్వరగా పైకి లేచేవి అవే. అన్నిట్లోనూ "కింద" అని వస్తే అది వేరే కథ. అప్పుడు ఒక సబ్జెక్టు బాగుచేసుకుంటే సరిపోదు, ప్రశ్నను చదివే పద్ధతి దగ్గరే లోపం ఉందని అర్థం. రెండు మూడు సార్లు రాసినవారు పాత రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ "కింద" అనే ఉన్న విభాగం మీరు తప్పించుకుంటున్న విభాగం. చాలామందికి అది మొదటిదే, కేర్ మేనేజ్‌మెంట్. ఎందుకో వచ్చే జవాబులో చెబుతాను.

పుస్తకమంతా వచ్చు. అయినా రెండు జవాబుల మధ్య ప్రతిసారీ తప్పే ఎంచుకుంటున్నాను. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవారికి సబ్జెక్టు లేక కాదు. మన వార్డు నేర్పిన అలవాటు ఒకటి, పరీక్ష అడిగే ఆలోచన ఇంకొకటి. అవి ఎక్కడ విడిపోతాయో ఓపికగా చూడండి.

మన దగ్గర ఏదైనా తేడా కనిపిస్తే నర్సు ముందు డాక్టరుగారికి ఫోన్ చేస్తుంది. అలా చేయకపోతే తిట్లు తింటుంది. పరీక్షలో, ఆపరేషన్ అయిన రోగికి మూత్రం తగ్గిందని ఇచ్చి మొదట ఏం చేస్తావని అడిగితే, కేథటర్ గొట్టం మెలిపడిందేమో, పొత్తికడుపు ఉబ్బిందేమో చూడటమే జవాబు. ఫోన్ ఆ తర్వాత. అయితే దీన్ని గుడ్డిగా పట్టుకోకండి. ప్రశ్నలోనే పరిశీలన పూర్తయి, ప్రమాదం స్పష్టంగా కనబడుతుంటే మళ్ళీ పరిశీలించడం తప్పు జవాబవుతుంది, అప్పుడు చర్య తీసుకోవాలి. ప్రశ్నలో ఏం ఇచ్చేశారు, ఇంకా ఏం తెలియాలి అని ప్రతిసారీ మిమ్మల్ని మీరు అడగాలి.

నలుగురు రోగుల్లో ఎవరిని ముందు చూడాలన్న ప్రశ్న తీసుకోండి. ఒకరికి న్యుమోనియా, జ్వరం ఉంది, యాంటీబయాటిక్ నడుస్తోంది. ఇంకొకరికి ఆపరేషన్ చోట గట్టి నొప్పి. మరొకరు డిశ్చార్జి కోసం గొడవ చేస్తున్నారు. నాలుగో ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది, పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది. మన వార్డులో గట్టిగా అరిచేవారి మంచం దగ్గరికే కాళ్ళు వెళతాయి, వెంట వచ్చినవాళ్ళు ఊరుకోరు కూడా. పరీక్షలో తిమ్మిరి అన్నామె దగ్గరికి వెళ్ళాలి. క్యాల్షియం పడిపోతోందని దానర్థం, గొంతు పట్టేసి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. జ్వరం న్యుమోనియాలో ఉండేదే, నొప్పి ఆపరేషన్ తర్వాత ఉండేదే. ఊహించదగ్గ బాధకంటే ఊహించని చిన్న లక్షణం ముందు.

పని అప్పగించే ప్రశ్నలు మరీ కొత్త. అక్కడ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కింద ఎల్‌పిఎన్ (తక్కువ శిక్షణతో లైసెన్సు పొందిన నర్సు), ఆ కింద సహాయకులు ఉంటారు. మన దగ్గర ఆ మెట్లు లేవు, సగం పనులు రోగి బంధువులు, ఆయా, స్టూడెంట్ నర్సులే చేసేస్తారు. అందుకే కేర్ మేనేజ్‌మెంట్‌లో మనవాళ్ళు జారిపోతారు. మొదటి పరిశీలన, రోగికి బోధించడం, ఫలితం అంచనా వేయడం, నిలకడ లేని రోగి, ఈ నాలుగూ ఆర్‌ఎన్ చేతిలోనే ఉంటాయని మనసులో నాటుకోండి. సగం ప్రశ్నలు అక్కడే విడిపోతాయి.

మాటల ప్రశ్నలు ఇంకా నొప్పిస్తాయి. క్యాన్సర్ రోగి "నేనింక బతకను కదా సిస్టర్" అంటే మనం చెయ్యి పట్టుకుని "అలా అనకండమ్మా, దేవుడున్నాడు, అంతా బాగవుతుంది" అంటాం. ప్రేమతోనే అంటాం. పరీక్షలో అది తప్పు జవాబు, లేని భరోసా ఇచ్చినట్టు లెక్క. ఆమె భయాన్ని ఆమె నోటితోనే చెప్పుకోనిచ్చే మాట సరైనది: "మీకు ఏ విషయంలో భయంగా ఉందో చెప్పండి." మన ఆప్యాయత చెడ్డదని కాదు, ఈ పరీక్ష దాన్ని అడగడం లేదు.

టీబీ రోగిని మనం కిటికీ పక్క మంచంలో పెట్టి మాస్కు వేస్తాం. పరీక్షలో గాలి బయటికి పోనివ్వని నెగెటివ్ ప్రెషర్ గది, ఎన్95 మాస్కు. తట్టు, ఆటలమ్మ కూడా అలాగే. మన ఆసుపత్రిలో వీలుకానిది కూడా అక్కడ వీలవుతుందనుకుని జవాబు ఇవ్వాలి.

మందుల పేర్లూ చూసుకోండి. మన పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. తెలిసిన మందే తెలియనిదై మార్కు పోగొట్టుకోవడం కంటే అన్యాయం లేదు.

2023 ఏప్రిల్ నుంచి పరీక్ష రూపం కూడా మారింది. ఒకే రోగి కథ సాగుతుంటే దాని మీద వరుసగా ఆరు ప్రశ్నలు వస్తాయి: లక్షణం గుర్తించడం, దానికి అర్థం చెప్పడం, ఏది ముఖ్యమో తేల్చడం, మార్గాలు ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడటం. అంతకు ముందు అచ్చయిన పుస్తకంతోనే చదువుతుంటే ఆ పుస్తకం మార్చండి. సరైనవన్నీ ఎంచమనే ప్రశ్నల్లో ఇప్పుడు కొంత సరిగా రాసినా కొంత మార్కు వస్తుంది, తప్పుది ఎంచితే తగ్గుతుంది. కాబట్టి అనుమానంతో అన్నీ నొక్కేయకండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లిష్. భాష వల్లే పోతోందా?

కొందరికి అవును, మరికొందరికి కాదు. తేల్చుకోవడానికి ఒక మార్గముంది. తప్పు చేసిన ప్రశ్నను ఎవరిచేతనైనా తెలుగులో చెప్పించుకోండి. అప్పుడు సరైన జవాబు వస్తే లోపం భాషలో ఉంది. అప్పుడూ తప్పే వస్తే లోపం ఆలోచనలో ఉంది, ఇంగ్లిష్ కోచింగ్‌కి డబ్బు పోయకండి.

భాషే అయితే కష్టపెట్టేవి పెద్ద పదాలు కావు. "మొదట", "అత్యంత", "ఇంకా వివరణ అవసరం" వంటి అర్థమిచ్చే చిన్న పదాలను కన్ను దాటేస్తుంది. ఏ మాట చెబితే రోగికి ఇంకా అర్థం కాలేదని తెలుస్తుంది అని అడిగితే, తప్పుగా ఉన్న మాటను ఎంచాలి. మనవాళ్ళు సరైన మాటను ఎంచి వచ్చేస్తారు. ప్రశ్న చివరి వాక్యం ముందు చదివి, అది ఏం అడుగుతోందో నోటితో తెలుగులో అనుకుని, ఆ తర్వాత పైనుంచి చదవండి. మొదట నెమ్మదిగా ఉంటుంది, కొన్ని వారాల్లో వేగం దానంతటదే వస్తుంది.

మళ్ళీ ఎప్పుడు రాయవచ్చు? ఎన్నిసార్లు రాయవచ్చు?

రెండు పరీక్షల మధ్య కనీసం 45 రోజులు ఉండాలి, ఏడాదికి 8 సార్ల దాకా కూర్చోవచ్చు. దానిపైన మీరు దరఖాస్తు పెట్టిన రాష్ట్రం నియమం ఉంటుంది. ఫ్లోరిడాలో మూడుసార్లు పోతే రెమెడియల్ కోర్సు చేశాకే మళ్ళీ రాయనిస్తారు. న్యూయార్క్‌లో ఇన్నిసార్లే అనే పరిమితి లేదు. మీ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో మీ కళ్ళతో చదవండి, ఏజెంటు నోటిమాట మీద ఆధారపడకండి.

45 రోజులన్నది రాయనిచ్చే తేదీ, రాయాల్సిన తేదీ కాదు. "ఇప్పుడే రాయకపోతే మర్చిపోతాను" అనే భయంతో నలభై ఆరో రోజుకు బుక్ చేస్తారు. కొత్త ప్రశ్నలతో, సమయం పెట్టుకుని రాసిన మాక్ పరీక్షల్లో వరుసగా కొన్ని వారాలపాటు స్థిరంగా పైన ఉంటేనే తేదీ తీసుకోండి. చూసిన ప్రశ్నలనే మళ్ళీ రాస్తే వచ్చే మార్కు మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇంకో నిజం చెప్పాలి. పాసైన వెంటనే విమానం ఎక్కేది ఉండదు. భారతీయులకు ఈబీ-3 (నర్సులు ఉద్యోగం మీద గ్రీన్ కార్డు పొందే కోవ) వీసా వరుస పదేళ్ళకు పైగా వెనకబడి ఉంది. వినడానికి కష్టంగా ఉన్నా ఇందులో ఊరట కూడా ఉంది: నాలుగు నెలలు ఆగి బాగా రాస్తే పోయేదేమీ లేదు.

ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పన్నెండు గంటల డ్యూటీ. ఎలా చదవను?

ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని చదవమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. జీతం ఆగితే ప్రతి ఓటమీ రెట్టింపు బరువవుతుంది, చేతి పని కూడా మరిచిపోతారు. వీలైతే నైట్‌లు తగ్గించుకుని, డే డ్యూటీ అడగండి.

నైట్ దిగిన రోజు చదవకండి, పడుకోండి. మిగతా రోజుల్లో రోజుకు 30 నుంచి 50 ప్రశ్నలు చాలు, కానీ ప్రతి ప్రశ్నకూ వివరణ పూర్తిగా చదవాలి, సరిగ్గా చేసినవాటికి కూడా. ఒక పొడుగు నోటుబుక్కు పెట్టి, తప్పిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పిందో ఒక మాట రాయండి: విషయం తెలియక, ప్రశ్న సరిగా చదవక, ముఖ్యమైనది తేల్చుకోలేక, లేక సరైనది పెట్టి భయంతో మార్చి. నెల తిరిగేసరికి ఏ మాట ఎక్కువసార్లు ఉందో చూస్తే మీ జబ్బు మీకే తెలుస్తుంది. రోగికి కేస్ షీట్ రాసేవాళ్ళం మనం, మన తప్పులకు కూడా అంతే శ్రద్ధగా ఒకటి రాసుకోవాలి.

డ్యూటీలో కూడా చదువు ఉంది. హ్యాండోవర్ తీసుకునేటప్పుడు మీ రోగుల్లో ఎవరిని ముందు చూడాలి, ఎందుకు అని మనసులో ఒక వరుస వేసుకోండి. గంట తర్వాత అది నిజమైందో లేదో చూడండి. ఏ పుస్తకంలోనూ ఇంత మంచి అభ్యాసం దొరకదు.

ఒక్కసారి రాయడానికి ఎంతవుతోంది? అప్పు చేయవచ్చా?

రిజిస్ట్రేషన్ 200 డాలర్లు, అమెరికా బయట రాసేవారికి అదనంగా 150 డాలర్లు, దాని మీద పన్ను. డాలరు 85 రూపాయలనుకున్నా పన్ను కాకుండానే దాదాపు 30 వేలు, మళ్ళీ రాసిన ప్రతిసారీ. పరీక్ష సెంటర్ ఉన్న హైదరాబాద్‌కి ప్రయాణం, బస, కోచింగ్ వేరు.

వడ్డీకి అప్పు తెచ్చి రాయవద్దు. నెలనెలా వడ్డీ కట్టే మనిషి ప్రశ్నను ప్రశ్నగా చూడలేదు, ప్రతి జవాబులోనూ అప్పే కనబడుతుంది. ఇంకోసారికి కావలసిన మొత్తాన్ని మీ జీతంలోంచి పక్కన పెట్టే లోపు ఎంత సమయం పడుతుందో, చదువుకూ అంత గడువు తీసుకోండి.

ఇంట్లో చెప్పలేదు. రిజల్టు ఇంకా రాలేదని నెట్టుకొస్తున్నాను. ఏం చేయాలి?

అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరికి చెప్పండి. అమ్మకు చెప్పలేకపోతే అక్కకో, పిన్నికో, హాస్టల్ రూమ్మేటుకో. దాచిన ఫలితాన్ని మోస్తూ చదవడం కంటే బరువు పని లేదు.

బరంపురంలో తెలుగు వీధులు ఎంత దగ్గరగా ఉంటాయో మీకు తెలుసు. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకు ఊరంతా చుట్టాలతో నిండిపోతే ప్రతి గడపలోనూ "ఏటమ్మా, అమెరికా ఎప్పుడు?" అనే ప్రశ్నే. దానికి ముందే ఒక జవాబు సిద్ధం చేసుకోండి: "పెద్ద పరీక్ష పిన్నీ, ఇంకా చదువుతున్నాను, అయ్యాక నేనే చెప్తాను." ఇందులో అబద్ధం లేదు, ఇంకో ప్రశ్నకు చోటూ లేదు. పెళ్ళి సంబంధం వచ్చినచోట మాత్రం "లైసెన్సు వచ్చేసింది" అని పెద్దవాళ్ళు చెప్పేస్తుంటే ఊరుకోకండి. ఆ మాట రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

మేము తల్లిదండ్రులం. మా అమ్మాయి గదిలోంచి బయటికి రావడం లేదు. మేమేం చేయగలం?

"పోనీలే, మళ్ళీ రాద్దువు" అని తొందరగా అనేయకండమ్మా. మీరు ధైర్యం చెప్పాననుకుంటారు, ఆమెకు మాత్రం మళ్ళీ రాయక తప్పదన్న హుకుంలా వినబడుతుంది. "ఇంకోసారి రాయాలని నీకుందా?" అని అడిగి, లేదన్నా వినడానికి సిద్ధంగా ఉండండి.

పక్కింటి పిల్ల పాసైన సంగతి ఎత్తవద్దు. కోచింగ్‌కి పెట్టిన లెక్క భోజనాల దగ్గర తీయవద్దు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్లకు వంటపని చెప్పకుండా నాలుగు గంటలు తలుపు వేసుకుని పడుకోనిస్తే అంతకంటే పెద్ద సాయం లేదు. అబ్బాయైనా సరే, ఇదే మాట. మగపిల్లలు ఏడవరు కాబట్టి బాధ లేదనుకోవద్దు.

ఆమె తిండి మానేసినా, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నా, "నేను లేకపోతే మీకు ఖర్చుండదు" వంటి మాట అన్నా, తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నిద్ర రావడం లేదు. కొన్నిసార్లు బతకాలనిపించడం లేదు.

ఈ మాట బయటికి అన్నందుకు మంచి పని చేశారు. పరీక్ష పుస్తకాన్ని ఇప్పుడే మూసేయండి, తేదీ ఉంటే వాయిదా వేయండి. ఇవాళే మీకు దగ్గరైన ఒకరికి ఈ మాట ఇలాగే చెప్పండి.

మానసిక ఆరోగ్యానికి ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పేరు చెప్పనక్కర్లేదు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అదే ఆసుపత్రిలో తెలిసిన స్టాఫ్ ఉంటారని సిగ్గుపడి ఆగిపోకండి. మనం రోగులకు ఏ ముఖం పెట్టుకుని ధైర్యం చెబుతామో, అదే ముఖంతో మన వంతు సాయం తీసుకోవచ్చు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 112కి ఫోన్ చేయండి, లేదా క్యాజువాలిటీకి వెళ్ళండి.

నర్సులకు ప్రత్యేకంగా ఒక మాట. మందుల అల్మారా మన చేతిలోనే ఉంటుంది. నిద్రకు ఆల్ప్రజోలామ్, చేతుల వణుకుకు ప్రొప్రనొలాల్ సొంతంగా వేసుకోవద్దు. ఒకటి అలవాటై కూర్చుంటుంది, రెండోది ఉబ్బసం ఉన్నవారికి ప్రాణం మీదికి తెస్తుంది. కావాలంటే డాక్టరు రాస్తారు.

"రీకాల్స్ ఉన్నాయి, పాస్ గ్యారంటీ" అంటున్నారు. తీసుకోవాలా?

వద్దు. రీకాల్స్ అంటే పరీక్ష రాసినవారు గుర్తుపెట్టుకుని బయటపెట్టిన ప్రశ్నలు. పరీక్ష ప్రశ్నలు బయటపెట్టనని ప్రతి అభ్యర్థీ ఒప్పుకునే కూర్చుంటారు. అమ్మేవాడి దగ్గర ఉన్నవి నిజమైనవైతే మీ ఫలితమే రద్దు కావచ్చు, అబద్ధమైతే డబ్బు పోయినట్టే. 2023 జనవరిలో ఫ్లోరిడాలో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు అమ్మిన ముఠా బయటపడింది. అప్పటి నుంచి లైసెన్సు బోర్డులు ఇంకా జాగ్రత్తగా చూస్తున్నాయి.

అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ ఉంచకండి. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉన్నాడో లేదో చూశాకే మాట్లాడండి.

సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు. ఇబ్బందా?

చాలా ఇబ్బంది. ఒడియా బడిలో చదివిన తెలుగు పిల్లలకు ఇది ఎప్పుడూ ఉన్న తలనొప్పి. వెంకట బెంకట అవుతుంది, విజయ బిజయ అవుతుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. సెంటర్‌లో పాస్‌పోర్టు మీది పేరు, పరీక్ష అనుమతి పత్రం మీది పేరు ఒక్కటిగా లేకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన డబ్బు తిరిగి రాదు. మళ్ళీ డబ్బు కట్టేముందే సరిచేయించుకోండి. ఒడిశాలో పుట్టి శ్రీకాకుళంలోనో విశాఖలోనో నర్సింగ్ చదివినవారు రెండు రాష్ట్రాల కౌన్సిళ్ళలోనూ తమ పేరు ఎలా ఉందో చూసుకోవాలి.

ఇంక ఆపేయాలా? ఆపితే ఏం మిగులుతుంది?

మీ బదులు నేను తేల్చలేను. కానీ ఎప్పుడు ఆలోచించాలో చెప్పగలను. పద్ధతి నిజంగా మార్చి, సరిపడా సమయం తీసుకుని, ఆరోగ్యంగా ఉండి రాసినా రిపోర్టు ఏమాత్రం కదలకపోతే, లేదా అమెరికా మీ కోరిక కాక ఇంట్లోవాళ్ళ కోరికని తెలిసిపోతే, ఆగి చుట్టూ చూడటం తెలివైన పని.

ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు ఓఎస్‌ఎస్‌ఎస్‌సీ (రాష్ట్ర ఉద్యోగ నియామక కమిషన్) ద్వారా భర్తీ అవుతాయి. ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. ఇక్కడి బడిలో చదివిన తెలుగు పిల్లలకు అది వరమే, ఆంధ్ర నుంచి వచ్చి రాసేవారికి లేని బలం మీకుంది. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సు ఉద్యోగాలకు నార్సెట్ అనే పరీక్ష ఉంది, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు. ఎన్‌క్లెక్స్‌కి చదివిన ఫార్మకాలజీ, మెడికల్ సర్జికల్ ఇక్కడ వృథా పోవు.

బ్రిటన్ దారి వేరు. మొదట సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష, అందులో మందుల లెక్కలు ఒక భాగం, క్లినికల్ ప్రశ్నలు ఒక భాగం. తర్వాత అక్కడికెళ్ళి ఓస్కీ అనే ప్రాక్టికల్. చేతిపని బాగా వచ్చినవారికి ఇది నప్పుతుంది. కాకపోతే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్‌టీఎస్‌లో 7, రాతలో 6.5 రావాలి, లేదా వైద్యరంగం వారి ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీలో బీ గ్రేడు, రాతలో సీ ప్లస్. గల్ఫ్ పరీక్షలు కంప్యూటర్ మీదే గానీ మీ జవాబును బట్టి మారవు. డేటాఫ్లో సంస్థ మీ సర్టిఫికెట్లను కాలేజీ దాకా వెళ్ళి సరిచూస్తుంది, కాబట్టి అనుభవం కాగితాలు నిజమైనవే పెట్టండి.

పరీక్షకు హైదరాబాద్ ఎలా వెళ్ళాలి?

బరంపురం నుంచి ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, విశాఖ, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి, రాయగడ నుంచి నాగావళి. పర్లాకిమిడి వారు పలాస వచ్చి ఎక్కడం సులువు. పరీక్ష ముందురోజు ఉదయానికల్లా చేరేలా టికెట్ తీసుకోండి. రాత్రంతా రైల్లో కూర్చుని దిగీదిగగానే సెంటర్‌కి వెళ్ళవద్దు. పరీక్షలో రెండు గంటలకు ఒకసారి, మూడున్నర గంటలకు ఒకసారి విరామం ఇస్తారు. ఆ సమయం ఐదు గంటల్లోంచే పోతుంది, అయినా తీసుకోండి. బయటికొచ్చి ముఖం కడుక్కుని ఏదైనా తినండి.

ఎన్నిసార్లు ఫెయిలయ్యానో లైసెన్సు మీద కనబడుతుందా?

కనబడదు. ఎన్నో ప్రయత్నంలో పాసయ్యారో లైసెన్సు మీద రాయరు. మొదటిసారి పాసైన నర్సుదీ, ఐదోసారి పాసైన నర్సుదీ ఒకే లైసెన్సు. కొన్ని రాష్ట్రాల దరఖాస్తులో మాత్రం ఇంతకుముందు రాశారా, ఎక్కడ, ఎప్పుడు అని అడుగుతారు. అక్కడ ఉన్నదున్నట్టు రాయండి. ఫెయిలైనందుకు దరఖాస్తు పోదు, దాచి దొరికిపోతే పోతుంది.